అద్దంలో కనపడని చోటు

లక్ష్మమ్మ అనే ఒక అక్క ఉందనుకుందాం. ఆమెది నెల్లూరు జిల్లా. హైవేకి మూడు కిలోమీటర్ల లోపల ఆమె ఊరు. ఇంట్లో రెండు బర్రెలు ఉన్నాయి. పొద్దున్నే లేచి పాలు పితుకుతుంది. పాల క్యానును మోపెడ్ మీద పెట్టుకుంటుంది. పాలకేంద్రంలో పోసి వస్తుంది.

ఆమె బండి నేర్చుకుని ఏడాది అయింది. కూతురు డిగ్రీ చదువుతోంది. ఆ పిల్లే నేర్పింది. లైసెన్సు కూడా తీయించింది. మొదట్లో ఊళ్లో వాళ్లు నవ్వారు. "ఈ వయసులో నీకు బండి ఎందుకే?" అన్నారు. ఇప్పుడు వాళ్లే "లక్ష్మమ్మా, నన్ను బస్టాపు దాకా ఎక్కించుకో" అంటున్నారు.

ఇలాంటి నవ్వులు చాలామంది ఆడవాళ్లు విన్నవే. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. అక్కడ ఆడవాళ్లకు అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పారు. అప్పుడూ ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు. అయినా వేలమంది ఆడవాళ్లు నేర్చుకున్నారు. పొలాలకు, రాతి క్వారీలకు, బడులకు సైకిళ్ల మీద పోయారు. సైకిలుకు పడిపోకుండా తొక్కడం వస్తే సగం పని అయినట్టే. మోపెడ్‌కు అది చాలదు. అది వేగంగా పోతుంది. అంతకంటే వేగంగా పోయే బండ్ల మధ్యలో పోతుంది.

ఒకరోజు లక్ష్మమ్మ పాలు పోసి తిరిగి వస్తోంది. కాలువ వంతెన దాటాక కుడివైపు తిరగాలి. అక్కడి నుంచి కయ్యల మధ్యగా మట్టిదారి ఉంది. లక్ష్మమ్మ కుడి అద్దంలో చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది. హ్యాండిల్ కుడివైపు తిప్పింది. అంతే! చెవి పక్కనే హారన్ మోగింది. ఒక మోటార్ సైకిల్ మోచేతిని రాసుకున్నంత దగ్గరగా దూసుకుపోయింది. మోపెడ్ తూలింది. ఖాళీ క్యాను ఊడి రోడ్డు మీద దొర్లింది.

లక్ష్మమ్మకు దెబ్బ తగల్లేదు. కాని చాలాసేపు కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. ఇంటికి వచ్చినాక ఒకటే మాట. "అద్దంలో చూసినానే! ఎవరూ లేరు. వాడు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడు?"

ఆమె చెప్పింది నిజమే. ఆమె అద్దంలో చూసింది. అద్దంలో అతను లేడు. కాని రోడ్డు మీద ఉన్నాడు. ఇది ఎలా కుదురుతుంది?

ముగ్గుపిండితో ఒక పరీక్ష

ఆ సాయంత్రం కూతురు వాకిట్లో ఒక పరీక్ష చేసి చూపించింది. దీన్ని ఎవరైనా చేయవచ్చు. ఒక చేతి అద్దం, గుప్పెడు ముగ్గుపిండి, మాట వినే పిల్లవాడు ఒకడు ఉంటే చాలు.

వాకిట్లో పీట వేసుకుని కూర్చోవాలి. బండి మీద కూర్చున్నట్టు నేరుగా ముందుకు చూడాలి. అద్దం కుడి చేత్తో పట్టుకోవాలి. బండికి అద్దం ఎక్కడ ఉంటుందో అక్కడికి చెయ్యి చాపాలి. అంటే ముందుకు, కొంచెం కుడి పక్కకు. వెనక ఉన్న వీధి కనబడేటట్టు అద్దాన్ని సర్దుకోవాలి. ఇక అద్దం కదపకూడదు. తల కూడా కదపకూడదు.

పిల్లవాణ్ణి వెనకాల పన్నెండు అడుగుల దూరంలో నిలబెట్టాలి. కుడి భుజానికి రెండు మూడు అడుగులు పక్కగా ఉండాలి. అద్దంలో కనబడేటట్టు చూసుకోవాలి. ఇప్పుడు వాణ్ణి నెమ్మదిగా ముందుకు నడవమనాలి. వాడు అద్దంలో పెద్దగా అవుతూ వస్తాడు. అద్దం అంచుకు జరుగుతాడు. ఒక చోట అద్దంలోంచి మాయమైపోతాడు. అక్కడ ఆగమని, కాలి దగ్గర ముగ్గుతో గీత గీయించాలి.

మళ్లీ నడవమనాలి. మనం ముందుకే చూస్తూ ఉండాలి. కొన్ని అడుగులు వేశాక కంటి చివర వాడి చొక్కా కదులుతుంది. అక్కడ రెండో గీత.

ఇప్పుడు లేచి చూడండి. ఆ రెండు గీతల మధ్య చోటు అద్దానికి అందలేదు. కంటికీ అందలేదు. లక్ష్మమ్మ చూసి నోరు తెరిచింది. "ఓయమ్మో, ఇక్కడ బర్రెను కట్టేయొచ్చు" అన్నది.

ఆ చోటులోనే ఆ మోటార్ సైకిల్ ఉంది. లక్ష్మమ్మ అద్దంలోకి చూసిన క్షణంలో అది సరిగ్గా ఆ గీతల మధ్యకు వచ్చింది. బండ్లు నేర్పేవాళ్లు ఈ చోటును 'బ్లైండ్ స్పాట్' అంటారు. మనం 'మరుగు' అని పిలుచుకుందాం. మరుగు కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి ఉంటుంది. బండి కదిలితే మరుగు కూడా బండితో పాటే వస్తుంది.

చేతి అద్దం చదునుగా ఉంటుంది. బండి అద్దాలు చాలావరకు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి. కొత్త స్టీలు గరిటె వెనక వైపు ముఖం చూసుకోండి. ముఖం చిన్నగా కనబడుతుంది. కాని వంటిల్లు మొత్తం అందులో ఇమిడిపోతుంది. ఉబ్బెత్తు అద్దం గుణం అది. ఎక్కువ చోటు చూపిస్తుంది, అందుకని మరుగు తగ్గుతుంది. కాని పూర్తిగా పోదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ అద్దంలో వస్తువులు చిన్నగా కనబడతాయి. చిన్నగా కనబడితే దూరంగా ఉన్నాయని అనుకుంటాం. నిజానికి ఆ లారీ మనం అనుకున్నదానికంటే దగ్గరకు వచ్చేసి ఉంటుంది.

అద్దాలు సర్దుకోవడం బండి స్టాండు మీద ఉన్నప్పుడే చేయాలి. ఎప్పుడూ కూర్చునే తీరులో కూర్చుని సర్దుకోవాలి. అద్దంలో మన భుజం అంచు కొంచెం కనబడితే చాలు. మిగతాదంతా వెనక రోడ్డే కనబడాలి. మన ముఖం కనబడే అద్దం బొట్టు పెట్టుకోవడానికి పనికొస్తుంది, బండికి పనికిరాదు.

కొన్ని ఇళ్లలో మగపిల్లలు బండి కొన్న వారానికే అద్దాలు విప్పేస్తారు. అందంగా ఉండదట. ఆ అద్దాలు అటక మీద ఉంటాయి. తర్వాత అదే బండి మీద అమ్మను, చెల్లెల్ని ఎక్కించుకుని హైవే ఎక్కుతారు. అటక మీది అద్దాలు దించి బిగించమని చెప్పే హక్కు వెనక కూర్చునే అమ్మకు ఉంది. చెప్పకుండా ఎక్కకూడదు.

కంటిలో కూడా ఒక మరుగు

తప్పు అద్దానిది ఒక్కదానిదే కాదు. మన కంటిలోనే ఒక చిన్న మరుగు ఉంది. నమ్మకపోతే ఒక కాగితం తీసుకోండి. ఎడమ వైపు చిన్నగా 'అ' రాయండి. దానికి కుడి పక్కన నాలుగు వేళ్ల వెడల్పు వదిలి 'ఆ' రాయండి. రెండూ ఒకే వరసలో ఉండాలి. ఎడమ కన్ను చేత్తో మూసుకోండి. కుడి కంటితో 'అ' మీదే చూపు నిలపండి. కాగితాన్ని ఒక అడుగున్నర దూరం నుంచి నెమ్మదిగా ముఖం దగ్గరకు తెచ్చుకోండి. సుమారు అడుగు దూరం వచ్చేసరికి 'ఆ' కనబడకుండా పోతుంది. ఇంకా దగ్గరకు తెస్తే మళ్లీ కనబడుతుంది.

కంటి వెనక గోడకు చూపు పొర ఉంటుంది. ఆ పొర నుంచి మెదడుకు పోయే నరాలన్నీ ఒక చోట కట్టగా చేరి బయటికి పోతాయి. ఆ చోట చూపు ఉండదు. రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒక కంటికి అందనిది రెండో కంటికి అందుతుంది. అందుకే ఇన్నేళ్లూ మనకు ఆ సంగతి తెలియలేదు. కనబడని చోటు ఖాళీగా, నల్లగా కనబడదు. అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. అద్దం మరుగు కూడా అంతే.

గడ్డం భుజానికి ఆనేలా

మరి మరుగులో ఉన్నది తెలిసేది ఎలా? దానికి మందు ఒక్కటే. మెడ తిప్పాలి.

కుడివైపు తిరగాలంటే కుడి భుజం మీదుగా చూడాలి. ఎడమవైపు తిరగాలంటే ఎడమ భుజం మీదుగా చూడాలి. గడ్డం భుజానికి ఆనేటట్టు ఒక్కసారి తిప్పి, వెంటనే ముందుకు తెచ్చేయాలి. నడుం తిప్పకూడదు. నడుం తిరిగితే చేతులు తిరుగుతాయి. చేతులు తిరిగితే బండి తిరుగుతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లు వెనక్కి చూడబోయి బండిని రోడ్డు మధ్యకు తెచ్చేస్తారు. అందుకని ముందు ఆగి ఉన్న బండి మీద పదిసార్లు చేయాలి. తర్వాత ఊరి చెరువుకట్ట మీద, ఎవరూ లేని వేళ, నెమ్మదిగా పోతూ చేయాలి. రోడ్డు మీద చేయడం ఆ తర్వాత.

ఎక్కువసేపు వెనక్కి చూడకూడదు. ఎందుకో లెక్క వేద్దాం. బండి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతోంది. 36 కిలోమీటర్లు అంటే 36,000 మీటర్లు. గంటకు 3,600 సెకన్లు. భాగిస్తే సెకనుకు 10 మీటర్లు వస్తుంది. "నూట ఒకటి" అని నోటితో పలకడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ కాస్త సేపటిలో బండి 10 మీటర్లు పోతుంది. అంటే రెండు ఎడ్లబండ్లు వరసగా నిలబెట్టిన దానికంటే ఎక్కువ దూరం. అంత దూరం మనం ముందు చూడకుండా పోయినట్టే. కాబట్టి మెడ తిప్పే ముందే ఎదర రోడ్డు ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. ఎదర బండి ఉంటే, గొడ్డు ఉంటే, మెడ తిప్పే సమయం అది కాదు.

లక్ష్మమ్మకు కూతురు ఒక వరస చెప్పింది. "అమ్మా, నువ్వు మలుపు దగ్గరికి పోయినాక ఆలోచించొద్దు. చాలా ముందే మొదలుపెట్టు. ఎదర చూడు. అద్దంలో చూడు. ఇండికేటర్ వేయి. వేగం తగ్గించు. తిప్పబోయే ముందు భుజం మీదుగా ఒకసారి చూడు. అప్పుడు తిప్పు."

"ఇన్ని చేసేలోపల తెల్లారిపోద్ది" అన్నది లక్ష్మమ్మ.

"మొదట్లో చపాతీ గుండ్రంగా రావడానికి ఎంతసేపు పట్టింది నీకు?" అన్నది కూతురు. లక్ష్మమ్మ నవ్వేసింది.

ఇండికేటర్ వేస్తే చాలు, వెనకవాడే చూసుకుంటాడు అని కొందరు అనుకుంటారు. అది సరి కాదు. ఇండికేటర్ మన ఆలోచన చెబుతుంది. అవతలివాడు దాన్ని చూశాడో లేదో చెప్పదు. ఇంకో తప్పు కూడా జరుగుతుంది. తిరిగాక ఇండికేటర్ ఆపడం మరచిపోతారు. అది వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. వెనకవాళ్లు ఈమె మళ్లీ తిరుగుతుందని ఆగుతారు, లేదా రెండో పక్క నుంచి దూరతారు.

పెద్ద రోడ్డు మీద కుడివైపు తిరగడం అన్నిటికంటే కష్టం. మన దేశంలో ఎడమ పక్కన పోతాం. వేగంగా పోయే బండ్లు మన కుడి పక్క నుంచి దాటుతాయి. ఎడమ అంచున పోతున్న మోపెడ్ ఒక్కసారి కుడికి తిరిగితే వాటికి అడ్డంగా పోయినట్టే. వెనక బండ్లు ఎక్కువగా ఉంటే సిగ్గుపడాల్సిన పని లేదు. ఎడమ అంచున రోడ్డు దిగి ఆగాలి. కాలు కింద పెట్టాలి. రెండు పక్కలా ఖాళీ అయ్యాక దాటాలి. రెండు నిమిషాలు పడుతుంది. పడనీయండి.

లారీ మరుగు

మోపెడ్‌కే మరుగు ఉంటే లారీకి ఎంత ఉంటుంది? లారీ డ్రైవరు ఎత్తులో, కుడి పక్కన కూర్చుంటాడు. లారీ బంపరుకు ఆనుకుని ముందు నిలబడ్డ మనిషి అతనికి కనబడకపోవచ్చు. ఎడమ తలుపు పక్కన, కింద ఉన్న మోపెడ్ కనబడకపోవచ్చు. లారీ వెనక, దగ్గరగా అంటుకుని పోయే బండి అసలే కనబడదు.

దీనికి ఒక గుర్తు ఉంది. లారీ పక్కన ఉన్నప్పుడు దాని అద్దంలోకి చూడండి. డ్రైవరు ముఖం మనకు కనబడిందా? అయితే మనం కూడా అతనికి కనబడే చోట ఉన్నాం. చూశాడా లేదా అన్నది వేరే సంగతి. అతని ముఖం కనబడలేదా? అయితే అతని లెక్కలో మనం రోడ్డు మీద లేము. అక్కడ ఉండకూడదు. వెనక్కి తగ్గాలి.

చదవడం వచ్చినవాళ్లకు ఇంకో గుర్తు కూడా ఉంది. లారీల వెనక పెద్ద అక్షరాలతో, చిన్న అక్షరాలతో ఏవేవో రాసి ఉంటాయి. చదవాలనిపిస్తుంది. కొత్తగా చదువు వచ్చినవాళ్లకు మరీ అనిపిస్తుంది. కాని పోతున్న లారీ వెనక చిన్న అక్షరాలు కూడా చదవగలుగుతున్నామంటే దానికి మరీ దగ్గరగా ఉన్నామని అర్థం. లారీ ఒక చెట్టును దాటగానే "నూట ఒకటి, నూట రెండు" అని నిదానంగా లెక్కపెట్టాలి. లెక్క ముగిశాకే మనం ఆ చెట్టు దగ్గరకు చేరాలి. ముందే చేరితే దగ్గరయినట్టు. వానలో అయితే నాలుగు దాకా లెక్క పెట్టాలి.

లారీ ఎడమవైపు మలుపు తిరిగే తీరు తెలుసుకోవాలి. దీన్ని తెలియక ప్రాణాలు పోతాయి. గడ్డివామికి గడ్డి తోలే ఎడ్లబండిని అందరూ చూసే ఉంటారు. వీధి మలుపులో ఎడ్లు మూల దాటిపోతాయి. కాని బండి చక్రం గోడమూలను గీరుకుంటుంది. ఎందుకని? ముందు పోయే ఎడ్ల అడుగుజాడలో చక్రం పోదు. లోపలికి కోసుకుంటూ పోతుంది. తెలిసిన బండివాడు అందుకే ముందు ఎడ్లను బయటికి తోలి, తర్వాత మలుపుతాడు.

లారీ డ్రైవరు, బస్సు డ్రైవరు చేసేదీ అదే. ఎడమకు తిరిగే ముందు కొంచెం కుడికి జరుగుతాడు. ఎడమ పక్క సందు ఏర్పడుతుంది. లారీ మనకు దారి ఇచ్చిందనుకుని మోపెడ్ ఆ సందులో దూరుతుంది. అంతలో లారీ ఎడమకు తిరుగుతుంది. ముందు చక్రం దూరంగానే పోతుంది. వెనక చక్రం లోపలికి కోసుకుంటూ మోపెడ్ మీదికి వస్తుంది. డ్రైవరుకు ఆ పక్క ఏమీ కనబడదు. అతను కావాలని చేసింది కాదు. ట్రాక్టరు ట్రాలీ కూడా ఇంతే. మలుపు దగ్గర పెద్ద బండికి ఎడమ పక్క సందు ఎంత ఉన్నా, ఆ సందు మనది కాదు. వెనకే ఆగాలి.

నడిచిపోయేవాళ్లకు, గొడ్లు తోలుకుపోయేవాళ్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది. ఆగి ఉన్న లారీ మూతి ముందు నుంచి, వెనకకు వచ్చే ట్రాక్టరు వెనక నుంచి దాటకూడదు. పిల్లలకు ఇది మరీ మరీ చెప్పాలి. వాళ్లు పొట్టిగా ఉంటారు.

కంటికి కనబడినా మనసుకు పట్టనివి

హైవే మీద ఇంకో రకం మరుగు ఉంది. నెల్లూరు మీదుగా పోయే హైవేను పాతవాళ్లు ఐదో నంబరు రోడ్డు అంటారు. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చారు. ఇప్పుడది 16వ నంబరు. మధ్యలో డివైడర్ ఉంది. ఒక పక్క పోయేవి, ఒక పక్క వచ్చేవి. మన ఊరు అవతలి పక్క ఉంటే కిలోమీటరు ముందుకు పోయి తిరిగి రావాలి. ఎందుకు చుట్టూ తిరగడం అని కొందరు ఎదురు దారిలోనే వస్తారు. అంచునే పోతున్నాం కదా అంటారు.

పక్కరోడ్డు నుంచి హైవే ఎక్కే కారువాడు ఎటు చూస్తాడు? బండ్లు వచ్చేది కుడి వైపు నుంచి కాబట్టి కుడికే చూస్తాడు. కుడి వైపు ఖాళీ కాగానే ఎడమకు తిప్పి కదులుతాడు. ఎదురు దారిలో వచ్చే మోపెడ్ అతని ఎడమ పక్క నుంచి వస్తుంది. అక్కడ అడ్డం ఏమీ లేదు, పట్టపగలు. అయినా అతను చూడడు. అక్కడ బండి ఉంటుందని అతని మనసు అనుకోలేదు. ఒక కిలోమీటరు పెట్రోలు మిగులుతుందని ఇంత పని చేయడం ఎందుకు?

బండి నడిపేవాళ్లు రోడ్డును పొలంలాగా చూడాలి. పొలంలో ఒక ఆకు ముడుచుకుంటే పురుగు వచ్చిందని తెలుస్తుంది. రోడ్డు మీద కూడా చిన్న గుర్తులు ఉంటాయి. ఆగిన ఆటోను చూసినప్పుడు దాని ముందు చక్రం చూడాలి. ఆటో కదలక ముందే చక్రం తిరుగుతుంది. బస్సు ఆగి ఉంటే దాని ముందు నుంచి ఎవరో ఒకరు రోడ్డు దాటుతారని అనుకోవాలి. బర్రె రోడ్డు దాటితే దాని దూడ ఇంకా ఇవతలే ఉందేమో చూడాలి. తల్లి అవతలికి పోతే దూడ ఆగదు. ఈ సంగతి బండి నేర్పేవాళ్లకంటే లక్ష్మమ్మకే బాగా తెలుసు.

చీకటి పడ్డాక దీపం లేని ట్రాలీలు రోడ్డు అంచున ఆగి ఉంటాయి. ఎదురు బండి లైటు కళ్లలో పడితే ఒక్క క్షణం ఏమీ కనబడదు. అప్పుడు లైటు వైపు చూడకూడదు. ఎడమ అంచు వైపు చూస్తూ వేగం తగ్గించాలి.

కొంగు, చున్నీ, హెల్మెట్

ఎండకు ముఖానికి చున్నీ చుట్టుకుంటారు. తలమీద కొంగు కప్పుకుంటారు. అది కళ్ల పక్కలకు జారితే మరుగు ఇంకా పెరుగుతుంది. గుర్రం కళ్లకు పక్కన గంతలు కట్టినట్టే. చుట్టుకున్నాక రెండు చేతులూ చెవుల పక్కన పెట్టి వేళ్లు ఆడించి చూడాలి. తల తిప్పకుండానే ఆ కదలిక కంటి చివర తెలిస్తే సరిగ్గా చుట్టుకున్నట్టు.

హెల్మెట్ పెట్టుకుంటే పక్కలు కనబడవని, హారన్ వినబడదని కొందరు వంక పెడతారు. మెడ తిప్పడం అలవాటైతే పక్కలు కనబడతాయి. హారన్ కూడా వినబడుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నడిపేవాళ్లకే కాదు, వెనక కూర్చున్నవాళ్లకు కూడా హెల్మెట్ ఉండాలి. భర్త తలకు హెల్మెట్, భార్య తలకు కొంగు. ఇలా పోయే జంటలు రోజూ కనబడతారు. ఇద్దరూ పడితే రోడ్డు ఎవరి తలనూ వేరుగా చూడదు.

భారత ప్రభుత్వ రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఈ అంకెను ఒకసారి పైకి చదవండి. ఒక లక్షా అరవై ఎనిమిది వేల నాలుగు వందల తొంభై ఒకటి. అందులో నూటికి 44 మంది రెండు చక్రాల బండ్ల మీద పోతున్నవాళ్లే.

వెనక కూర్చునే అక్కలు

బండి నడిపే ఆడవాళ్లకంటే వెనక కూర్చునే ఆడవాళ్లే ఎక్కువ. వాళ్లకు కూడా పని ఉంది.

మొదటిది కొంగు. చీర కొంగు, చున్నీ వెనక చక్రంలో పడితే మెడకు ఉరి పడినట్టే. మోటారు వాహనాల నియమాల ప్రకారం వెనక చక్రానికి కనీసం సగం మూసేటట్టు అడ్డు ఉండాలి. పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఆధారం కూడా ఉండాలి. బండికి ఆ అడ్డు ఉందో లేదో ఎక్కే ముందు చూడాలి. ఉన్నా సరే, కొంగు నడుముకు చెక్కుకోవాలి. కాళ్లు రెండు పక్కలా వేసి కూర్చోవడం మేలు. చీరతో అలా కుదరదని అంటారు. ఒక పక్కకే కూర్చుంటే పిడి గట్టిగా పట్టుకోవాలి. బండి నడిపే మనిషి మెడ తిప్పినప్పుడు మనం ఒరగకూడదు. గొడుగు తెరిచి పట్టుకోకూడదు. గాలికి గొడుగు లాగుతుంది, అద్దాన్ని మూసేస్తుంది.

రెండోది చూపు. వెనక కూర్చున్నవాళ్లకు ఖాళీ కళ్లు రెండు ఉన్నాయి. మలుపు దగ్గర "కుడి పక్క బస్సు వస్తోంది" అని చెప్పవచ్చు. చెబితే "నాకు తెలుసులే" అని విసుక్కునే మగవాళ్లు ఉన్నారు. విసుక్కున్నా చెప్పాలి. ఆ బండి మీద తన ప్రాణం కూడా ఉంది.

లక్ష్మమ్మ అత్తకు అరవై దాటాయి. వారానికి ఒకసారి కోడలి బండి ఎక్కి ఆసుపత్రికి పోతుంది, బీపీ మాత్రలకు. మొన్న తిరిగి వస్తున్నారు. కాలువ వంతెన దాటారు. లక్ష్మమ్మ వేగం తగ్గించింది. అద్దంలో చూసింది. ఎవరూ లేరు. ఇండికేటర్ వేసింది. గడ్డం కుడి భుజానికి తిప్పింది. భుజం పక్కనే పచ్చరంగు కనబడింది. పల్లెవెలుగు బస్సు. అదే సమయానికి వెనక నుంచి అత్త ఆమె వీపు మీద తట్టింది.

"బస్సు ఉండాది, ఆగవే."

"చూసినాను అత్తా."

ఇద్దరూ ఎడమ అంచున ఆగారు. బస్సు పోయింది. దాని వెనక రెండు మోటార్ సైకిళ్లు, ఒక గడ్డి ట్రాక్టరు పోయాయి. ఎదర నుంచి వచ్చే ఆటో కూడా దాటింది. లక్ష్మమ్మ మళ్లీ ఒకసారి భుజం మీదుగా చూసింది. తర్వాత బండిని కయ్యల దారిలోకి తిప్పింది.